తాంబూలం పళ్లెంలో ఫోను

శివరాత్రి తిరునాళ్ళకు దీపాలతో ఎత్తుగా కట్టే మా ఊరి ప్రభ సగం చీకటిగా కోటప్పకొండ చేరిన సంవత్సరం గురించి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట స్థిరపడిపోయింది. పదకొండేళ్ళుగా ఈపూరు వైపు నుంచి వచ్చి మా ప్రభకు దీపాలు కట్టే మనిషి ఆ ఏడు బయానా పుచ్చుకొని పని ఎగ్గొట్టాడని. పుచ్చుకోవటం కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళు మా ఊళ్ళో కనీసం వంద మంది ఉన్నారు. వాళ్ళెవరూ అబద్ధాలకోరులు కారు. అతను రెండు చేతులతో పళ్లెం అందుకోవటం వాళ్ళు చూశారు. ఆ పళ్లెంలో ఉన్నది డబ్బేనని వాళ్ళను నమ్మించినవాణ్ణి నేను. అది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ మాట వల్ల అతనికి పని పోయింది. నాకు ఏమీ పోలేదు.

నాకు నరసరావుపేటలో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఊరికీ పేటకూ మధ్య రోజూ తిరుగుతాను. నాలుగేళ్ళ కింద ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన మీటింగుకు వెళ్ళాను. ఎండాకాలంలో కోటు వేసుకొని చెమటలు తుడుచుకుంటున్న ఒకాయన తెర మీద గీతలు చూపించి, ఇక ముందు ప్రపంచమంతా ఫోన్లో ఉండే క్రిప్టో కాయిన్ల మీదే నడుస్తుందని, రెండేళ్ళలో మీరు టీ కూడా దానితోనే తాగుతారని చెప్పాడు. భోజనాలు కూడా పెట్టారు. ఆ భోజనం తిన్న చేతిని ఇప్పుడు తలుచుకుంటే నాకు రోత పుడుతుంది. ఆ ఏడు మిర్చి బాగా పండి రైతులు బాకీలు కట్టటంతో చేతిలో డబ్బు ఆడుతోంది. ఇంట్లో చెప్పకుండా, ఆ మీటింగువాళ్ళకే నగదు ఇచ్చి కాయిన్లు కొన్నాను. అవి తెరవటానికి తాళంచెవిలా పనికొచ్చే పన్నెండు ఇంగ్లీషు మాటలను పంచాంగం వెనక అట్ట మీద రాసుకున్నాను.

మొదట్లో రేటు పెరిగింది. షాపుకొచ్చిన ప్రతివాడికీ ఫోను తీసి చూపించేవాణ్ణి. పత్తికి ఏ మందు కొట్టాలో అడగటానికి వచ్చిన రైతుకు అరగంట పాటు కాయిన్ల గురించి వినిపించి పంపేవాణ్ణి. వాళ్ళు మందు కోసం ఓర్చుకున్నారు. నేను మాత్రం గౌరవిస్తున్నారని అనుకున్నాను.

తర్వాత వాటితో ఏదైనా కొని చూపించాలనిపించింది. మా షాపు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమెను అక్కా అని పిలుస్తాను. ముందు ఆమె దగ్గరికే వెళ్ళాను.

"అక్కా, ఈ రోజు టీ డబ్బులు కాయిన్లో ఇస్తా. నీ ఫోన్లో ఒక యాప్ వేస్తా, తీసుకో."

"స్కాన్ బోర్డు తగిలించాగా అబ్బాయ్, దాంట్లో కొట్టు. పెట్టె అరుస్తది, నా పాలు నేను చూసుకుంటా."

"ఇది ఆ బోర్డులో పోదక్కా."

"మరి ఎట్టా? పెట్టె అరుస్తదా?"

"అరవదు. వచ్చిందో లేదో కాసేపాగి చూసుకోవాలి. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి అరగంట."

"అరగంటలో నలభై టీలు పోస్తా నేను. నీ ఒక్క టీ కోసం ఫోను ముందు కూర్చోమంటావా?"

అయినా బతిమాలి యాప్ వేశాను. పది రూపాయల టీకి, ఆ పది పంపటానికి పట్టే ఖర్చు టీ కన్నా ఎక్కువైంది. అది ఆమెకు చెప్పలేదు. సాయంత్రం ఆమె ఫోను చూపించింది. పొద్దున పదిగా కనపడింది తొమ్మిది చిల్లరగా కనపడుతోంది.

"ఏందిది? టీ తాగింది నువ్వు, తరిగింది నా డబ్బా?" అంది అందరి ముందూ. బెంచీ మీద ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను ఒక రూపాయి బిళ్ల బల్ల మీద పెట్టి వచ్చాను. మర్నాడు ఆమె ఆ యాప్ తీసేయించుకుంది.

పెట్రోలు బంకులో అడిగితే వెనక బండివాడు హారను కొట్టాడు. మా షాపుకు సరుకు వేసే ఏజెంటు చదువుకున్నవాడు, అర్థం చేసుకుంటాడనుకున్నాను. అతను నిదానంగా విని ఒక్కటే మాట అన్నాడు.

"రేటు పెరుగుద్దని నువ్వే అంటున్నావు. పెరిగేదాన్ని ఎవడన్నా నాకు ఇచ్చుకుంటాడా? నువ్వు ఇస్తున్నావంటే తగ్గుద్దనేగా. తగ్గేదాన్ని నేనెందుకు తీసుకుంటా?"

నేను మాట మార్చి సరుకు బిల్లు తెమ్మన్నాను. నా ఆడిటర్ ఇంకో మెలిక చెప్పాడు. కాయిన్‌తో ఏది కొన్నా ఆ కాయిన్‌ను అమ్మినట్టే లెక్కట, లాభం వస్తే పన్ను కట్టాలి, ప్రతిదీ రాసి చూపించాలి. "టీ తాగినా అంతేనా?" అన్నాను. "టీ తాగినా అంతే. రోజుకి నాలుగు టీలు తాగితే నా ఫీజు పెంచాల్సొస్తది" అన్నాడు నవ్వుతూ.

ఈలోగా రేటు దిగటం మొదలైంది. అమ్మేద్దామంటే రూపాయలు బ్యాంకులో పడాలి. బ్యాంకు మెసేజీలు వచ్చే ఫోను నా భార్య చేతిలో ఉంటుంది. ఎంత పెట్టానో, ఎంత పోయిందో ఆమెకు తెలిసిపోతుంది. అలా నా దగ్గర, ఎవడూ తీసుకోని, నేను అమ్ముకోలేని సరుకు ఉండిపోయింది.

ఇక్కడి నుంచి రాయటానికి చెయ్యి రావటం లేదు. అయినా రాయాలి.

మా ఊరి ప్రభ చందాలు నా దగ్గరే ఉండేవి. షాపు ఉన్నవాడు, చేతిలో డబ్బు ఆడేవాడు అని నన్ను నమ్మి పెట్టారు. దీపాల పని ఒప్పుకోవటానికి మాకు కాగితం అలవాటు లేదు. శివరాత్రికి మూడు వారాల ముందు పాల కేంద్రం ముందు ఊరు చేరుతుంది. ఇత్తడి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, వాటి మీద బయానా నోట్లు పెట్టి లైటింగు మనిషికి అందిస్తాం. అతను రెండు చేతులతో అందుకొని కళ్ళకద్దుకుంటాడు. ఊరి పెద్ద ముట్టిందా అని అడుగుతాడు. అతను ముట్టింది అంటాడు. అక్కడున్న వాళ్ళందరూ సాక్షులే. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మాట తేడా రాలేదు.

ఆ ఏడు బయానా లక్షన్నర. చందాల నగదు నా బీరువాలో ఉంది. నాకు తోచిన ఆలోచన ఇది. ఆ నగదు నేను ఉంచుకొని, అతనికి నా కాయిన్లు అంటగట్టటం. పైకి మాత్రం దేశంలో కాయిన్లతో బయానా ఇచ్చిన మొదటి ప్రభ మాదే అవుతుందని ఊరందరికీ చెప్పాను. పడుచువాళ్ళకు నచ్చింది. పెద్దవాళ్ళకు అర్థం కాలేదు, అర్థం కాలేదని చెప్పటానికి మొహమాటపడ్డారు. ఆ మొహమాటం మీదే నా పని నడిచింది.

లైటింగు మనిషి నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. తాంబూలానికి ముందు రోజు షాపుకు వచ్చాడు.

"అన్నా, ఈ ఫోను డబ్బులు నాకు తెలవదు. బల్బులోడు తీసుకుంటాడా? నా పనోళ్ళు తీసుకుంటారా?"

"వాళ్ళు తీసుకోకపోతే అమ్ముకో. ఐదు నిమిషాల పని, నేను నేర్పిస్తాగా. శివరాత్రికి రేటు పెరుగుద్ది, నీకే లాభం."

"మరి నోట్లే ఇస్తే పోయిద్దిగా అన్నా, చందాలు నోట్లేగా?"

నేను ముఖం ముడుచుకున్నాను. అది చాలు. అతను వెంటనే "నువ్వు చెబితే సరే అన్నా" అన్నాడు. ఆ మాటను నేను ఆ రోజు నా తెలివికి దక్కిన మర్యాద అనుకున్నాను.

మర్నాడు పాల కేంద్రం ముందు అందరూ చూస్తుండగా నా ఫోను నుంచి అతని ఫోనుకు కాయిన్లు పంపాను. పంపినట్టు ఆకుపచ్చ టిక్కు వచ్చింది. నా భార్య చింతపండుతో తోమి ఇచ్చిన ఇత్తడి పళ్లెంలో, తమలపాకుల మీద, నోట్లు పెట్టాల్సిన చోట నా ఫోను పెట్టాను. చప్పట్లు కొట్టారు. కొందరు ఫొటోలు తీశారు. అతను ఎప్పటిలాగే రెండు చేతులతో పళ్లెం అందుకొని కళ్ళకద్దుకున్నాడు.

ఊరి పెద్ద మా బాబాయి వరస. ఆయన పళ్లెం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, అలవాటు ప్రకారం అడిగాడు.

"ముట్టిందా నాయనా?"

అతను పళ్లెంలో ఫోను వంక చూశాడు. నా వంక చూశాడు. "ముట్టింది పెదనాన్నా" అన్నాడు.

వెనక నుంచి ఎవరో "ఫోను కూడా ఆయనకేనా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ పళ్లెంలో నుంచి నా ఫోను తీసి జేబులో పెట్టుకున్నాను. ఆకులూ వక్కలూ అతనికి మిగిలాయి. నా బీరువాలో నోట్లు అలాగే ఉన్నాయి. వారం తిరగకుండా వాటితో షాపుకు సరుకు దించాను.

అతను బల్బులు అమ్మే షాపుకు వెళ్ళాడు. వాళ్ళు తీసుకోలేదు. కట్టెలు, తాళ్ళు ఇచ్చేవాడు "ఏంది సామీ, ఫోను చూపించి కట్టెలు తోలుకపోతావా?" అన్నాడట. అప్పుడు నేను నేర్పినట్టే యాప్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి కాయిన్లు అమ్మాడు. రూపాయలు ఖాతాలో పడ్డాయి. మూడో రోజు బ్యాంకు అతని ఖాతాకు తాళం వేసింది. ఆ కొన్నవాడు పంపిన సొమ్ము ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి లాగిందట. అక్కడి పోలీసులు సొమ్ము పోయిన దారినల్లా ఖాతాలు ఆపించుకుంటూ వచ్చారు. ఆ దారిలో ఇతను తగిలాడు. ఇంకో ఊరి వాళ్ళు ఇచ్చిన బయానా కూడా అదే ఖాతాలో ఉంది. అదీ ఇరుక్కుంది.

అతను నాకు ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఆఖరికి ఈపూరు నుంచి బస్సెక్కి షాపుకు వచ్చాడు. లోపల రైతులున్నారని అతన్ని గోడౌనులోకి తీసుకెళ్ళాను. మందు డబ్బాల మధ్య నిలబడి చెప్పాడు.

"అన్నా, వైరు కొనటానికి లేదు, పనోళ్ళకి ఇయ్యటానికి లేదు. ఊళ్ళో చెప్పి నోట్లు ఇప్పించు. ఖాతా తెరుచుకున్నాక ఆ డబ్బు నీకే ఇస్తా."

నోట్లు సరుకై అతని చుట్టూనే అట్టపెట్టెల్లో ఉన్నాయి. నేను అన్న మాట ఇది. "కాయిన్ అని ఎక్కడా నోరెత్తమాక. అది చట్టప్రకారం డబ్బు కాదు. పోలీసులు నీ మీదే కేసు పెడతారు. పండగ కానీ, చూద్దాం."

నెల కూడా కాలేదు, అదే నోటితో అది డబ్బేనని ఊరందరికీ చెప్పాను. ఆ మందుల వాసన నాకు ఇరవయ్యేళ్ళుగా అలవాటే. ఆ రోజు నుంచి గోడౌనులోకి షాపు కుర్రాణ్ణే పంపుతున్నాను. అతను భయపడ్డాడు. నోరెత్తలేదు. తల వంచుకొని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక ఒక రైతుకు రెండు డబ్బాల మందు అమ్మాను.

శివరాత్రి ఇంకా ఐదు రోజులుందనగా అతను రావటం లేదని ఊరికి అర్థమైంది. పేటలో దొరికిన సీరియల్ బల్బులు తెచ్చి కట్టారు. అవి నడుము వరకే వచ్చాయి. కొండ దగ్గర మిగతా ఊళ్ళ ప్రభలు నిలువెల్లా వెలుగుతుంటే మాది కింద సగమే వెలిగింది. పక్క ఊరివాళ్ళు కేకలు వేశారు.

"ఏందిరా, మీ ప్రభకి లుంగీ కట్టి చొక్కా మరిచిపోయారా?"

నా పక్కనున్న మా బాబాయి తల దించుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. "పదకొండేళ్ళు అన్నం పెట్టినట్టు చూసుకున్నాం వాణ్ణి. ముట్టిందని నా మొహం మీద చెప్పి ఎంత పని చేశాడు!" అన్నాడు. అప్పుడైనా నేను చెప్పాలి. "లోకం అట్టా ఉంది బాబాయ్" అన్నాను.

పండగ తర్వాత మా ఊరి పడుచువాళ్ళు ట్రాక్టరు వేసుకొని అతని ఇంటికి వెళ్ళారు. బయానా వెనక్కి ఇమ్మన్నారు. లేదన్నాడు. ముట్టిందన్నావా లేదా అని అడిగారట. అన్నానన్నాడట. ఇంకేముంది, అతని జనరేటరు ఎక్కించుకొని వచ్చి పాల కేంద్రం వెనక పాకలో పడేశారు. అది లేకపోతే లైటింగు మనిషికి పెళ్ళి పందిరి కూడా దొరకదు. నేను రోజూ పాలు పోయటానికి వెళుతూ దాన్ని చూశాను. ముందు దాని మీద దుమ్ము పడింది, తర్వాత కోళ్ళు ఎక్కాయి. వానాకాలం ఎవరో దాని మీద ఎరువుల గోతం ఒకటి కప్పారు. అది మా షాపు గోతమే.

అతను బ్యాంకు చుట్టూ, స్టేషను చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాడని తర్వాత తెలిసింది. మిగతా డబ్బు వదిలారు, కాయిన్లు అమ్మిన సొమ్ము మాత్రం వదల్లేదు.

పోయిన మాఘమాసం మొదట్లో రొంపిచెర్లలో ఒక పెళ్ళికి ముందు రోజు పొద్దున్నే వెళ్ళాను. పందిరి వేస్తున్నారు. నిచ్చెన మీద ఎవరో వైరు కడుతున్నారు. నేను కింద నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాను.

"అన్నా, కొంచెం పక్కకి జరుగు, వైరు పడుద్ది."

గొంతు గుర్తుపట్టి తలెత్తాను. అతనే. ఇంకొకరి దగ్గర రోజు కూలికి వచ్చాడు. కింద ఉన్న ఓనరు అతన్ని "ఒరేయ్" అంటున్నాడు. అతను కూడా నన్ను చూశాడు. కోపం లేదు, పలకరింపు లేదు. నేను జరిగేదాకా వైరు పట్టుకొని ఆగాడు. నేను జరిగాక కిందికి వదిలాడు.

పెళ్ళికి ఉండకుండా ఇంటికొచ్చి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె కూరగాయలు తరగటం ఆపలేదు. చివరికి రెండే ప్రశ్నలు అడిగింది.

"చందా నోట్లు ఏం చేశావు?"

"షాపుకు సరుకు తెచ్చా."

"దేవుడి డబ్బుతో పురుగుమందు అమ్మావన్నమాట. పళ్లెం నాచేత తోమించింది ఇందుకా?"

ఆ ఏటి తాంబూలానికి ఊరు చేరినప్పుడు లేచి చెప్పాను. కాయిన్లు ఎందుకు అంటగట్టానో, నోట్లు ఎటు పోయాయో, గోడౌనులో ఏమన్నానో, అన్నీ. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. చప్పట్లు కొట్టిన చేతులు కనుక వాళ్ళకూ ఏం అనాలో తెలియలేదు. బాబాయి "నేను వాణ్ణి అడిగాను, నిన్ను అడగాల్సింది" అన్నాడు. చందాల పని ఆ క్షణమే నా నుంచి తీసేశారు.

మర్నాడు పొద్దున జనరేటరును ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని నేనూ బాబాయీ ఈపూరు వైపు బయలుదేరాం. అదే ఇత్తడి పళ్లెంలో ఆకులూ వక్కలూ పెట్టి, మీద నోట్లు పెట్టాను. బయానా మొత్తమూ, ఏడాది పాటు జనరేటరు మూలపడినందుకు బాబాయి తేల్చినంతా. అతని ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. భార్య వాటిని తిరగేస్తోంది. అతను బయటికి వచ్చి మమ్మల్ని చూసి అలాగే నిలబడ్డాడు.

బాబాయి ముందుగా మాట్లాడాడు. "తప్పు మాది నాయనా. ఊళ్ళో అందరి ముందూ వీడు చెప్పాడు. తీసుకో. ఈ ఏడు కూడా ప్రభకి నువ్వే కట్టాలి."

అతను పళ్లెం అందుకోలేదు. నా చేతిలో ఉండగానే నోట్లు మాత్రం తీసుకున్నాడు. అవి భార్యకు ఇచ్చాడు. ఆకులూ వక్కలూ పళ్లెంలోనే ఉన్నాయి.

"తాంబూలం తీసుకో నాయనా" అన్నాడు బాబాయి.

"డబ్బు నాది పెదనాన్నా, తీసుకున్నా. ఆకులు తీసుకుంటే ముట్టిందా అని అడుగుతావు. ఆ మాట మీ ఊరోళ్ళ ముందు ఇంక నేను అనలేను."

బాబాయికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. నేను పళ్లెం పట్టుకొని నిలబడ్డాను. పెట్టటానికి చోటు లేదు, చుట్టూ మిరపకాయలే.

జనరేటరు దించాం. అతను గోతం లాగి పక్కన పడేసి, డీజిలు పోసి తిప్పాడు. లేవలేదు. మళ్ళీ తిప్పాడు. పొగ వచ్చింది గాని లేవలేదు. "ఏడాది పాకలో పడుంటే ఎట్టా లేస్తది?" అంది అతని భార్య మా వంక చూడకుండా.

నేను ఏదో ఒకటి చెయ్యాలని, "వినుకొండ నుంచి మెకానిక్కుని పంపిస్తా తమ్ముడూ" అన్నాను.

అతను చేతులు తుడుచుకుంటూ మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"వద్దులే. మెకానిక్కుకి నేనే చెప్పుకుంటా. నువ్వు పంపిస్తే వాడికి ఏమిచ్చి పంపిస్తావో నాకేం తెలుసు?"

ఖాళీ ట్రాలీలో తిరిగి వచ్చాం. ఈపూరు దాటాక టీ తాగటానికి ఆగితే, కొట్టతను నా ఒళ్ళో పళ్లెం చూసి "ఏంది అన్నా, శుభకార్యమా? ఎవురికి తాంబూలం?" అన్నాడు. లైటింగు మనిషికి తీసుకెళ్ళామని, తీసుకోలేదని చెప్పాను. పేరు చెప్పగానే అతను పెదవి విరిచాడు.

"ఆడా? మీ పేట వైపు ఏదో ప్రభ బయానా తిన్నాడంటగా."

"తినలేదు. తిన్నది నేను" అన్నాను. కొట్టతను నన్ను కిందికీ పైకీ చూశాడు. టీ గ్లాసు నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాడు.

అక్కడ టీ కొట్టుదాకా పాకిన మాట ఇంకెన్ని ఊళ్ళకు పాకిందో నాకు తెలియదు. అన్ని చోట్లకూ వెళ్ళి చెప్పలేను, అందుకే రాశాను. ఈ ఏడు గాని, వచ్చే ఏడు గాని ప్రభకు దీపాలు కట్టించాలనుకునే ఊరివాళ్ళు ఇది చదివితే, అతను ఏ ఊరి డబ్బూ తినలేదని తెలుసుకోండి. పని ఇవ్వండి. నోట్లు అతని చేతిలో పెట్టండి. ఆ తర్వాతే ముట్టిందా అని అడగండి.